తలనొప్పి దాచుకుంటే నేను రాను

వచ్చే సెలవుల్లో హిమాలయాల్లో సరస్సు ట్రెక్కింగ్‌కు వెళ్దామని మా తరగతిలో కొందరు ఉత్సాహపడుతున్నారు. "శాడిల్ పీక్ ఎక్కేశాం, ఇంకేం భయం?" అంటున్నారు. డిగ్లిపూర్ దగ్గరి శాడిల్ పీక్ మన దీవులన్నింటిలో ఎత్తైనది, నిజమే. కానీ దాని ఎత్తు 732 మీటర్లు. హిమాచల్‌లోని చంద్రతాల్ సరస్సు సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. గాలి ఒత్తిడి తగ్గడంతో ఒక్కో శ్వాసకు అందేది మాత్రం ఇక్కడి దానిలో దాదాపు 60 శాతం.

మెట్లెక్కడం, బరువు సంచితో నడవడం ఇక్కడే మొదలుపెట్టొచ్చు. పలచని గాలికి అలవాటు పడటం సముద్రం ఒడ్డున కుదరదు. అది అక్కడికి వెళ్లాకే, అదీ మెల్లగా. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు వైద్యులు. బదిలీల పిల్లలం, కొత్త బడిలో మొదటి వారాలు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పాలా?

2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ముందు భువనగిరి కొండపై, తర్వాత డార్జిలింగ్, లదాఖ్‌లలో శిక్షణ పొందింది.

నాకు కొండంటే భయం లేదు, మన మొహమాటమంటేనే భయం. కిందటేడు ఒక శిబిరంలో వెనక్కి పంపేస్తారని జ్వరం దాచుకుని నడిచాను. అంత ఎత్తున తలనొప్పి, వాంతులు దాస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే బయల్దేరే ముందే జట్టంతా ఒక మాట అనుకోవాలి. ఒకరికి బాగాలేకపోతే ఎవరూ పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే తోడుగా కిందికి దిగాలి, సరస్సు చూడకపోయినా సరే. దీనికి ఒప్పుకోని వాళ్లతో నేను రాను.