కొత్త ఫోను, పాత బొటనవేలు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తెనాలి నుంచి ఒక చెల్లాయి రాసినదాన్ని ముందుగా తీసుకుంటున్నాను. వాళ్ళ అమ్మమ్మ ఏడేళ్ళుగా ఆండ్రాయిడ్ ఫోను వాడుతున్నది. పండక్కి వచ్చిన మామయ్య ఆమెకు ఐఫోను కొని ఇచ్చాడు. వారం తిరిగేసరికి అమ్మమ్మ దాన్ని ముట్టుకోవటమే మానేసింది. "నాకు మతిమరుపు పట్టుకున్నదే" అని బెంగ పెట్టుకున్నదట. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి వున్నది. కిందటి ఏడు పోయిన తాతయ్య గొంతు పాత ఫోనులోని వాట్సాప్‌లో వున్నది. వాట్సాప్ ఇంకా ఆ పాత ఫోనులోనే నడుస్తున్నది. మామయ్యేమో దాన్ని శుభ్రంగా తుడిచి ఎవరికో ఇచ్చేస్తానంటున్నాడు. ఏం చెయ్యాలని చెల్లాయి అడిగింది.

చెల్లాయీ, ముందు మామయ్యను ఆపు! తక్కిన కబుర్లు తరవాత చెప్పుకుందాం.

ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ తన మాటలన్నిటికీ ఒక నకలు తీసి గూగుల్ వారి గిడ్డంగిలో దాస్తుంది. ఐఫోనులోని వాట్సాప్ ఆపిల్ వారి గిడ్డంగిలో దాస్తుంది. ఒక గిడ్డంగిలో దాచినది రెండో రకం ఫోను తీసుకోలేదు. అందుచేత "నకలు భద్రంగానే వున్నదిలే" అనుకుని పాత ఫోను తుడిచారో, ఐఫోనులో తాతయ్య గొంతు దొరకదు. 2022 నుంచి ఆండ్రాయిడ్ మాటలను ఐఫోనుకు తరలించే దారి ఒకటి ఏర్పడింది. ఆపిల్ వారిదే "మూవ్ టు ఐఓఎస్" అనే ఆప్ వున్నది. దాన్ని పాత ఫోనులో పెట్టుకోవాలి. రెండు ఫోనులనూ కరెంటుకు తగిలించి, ఒకే వైఫైలో వుంచాలి. ఫోను నంబరు మారకూడదు. అయితే ఈ పని చెయ్యవలసిన సమయం ఐఫోనును మొట్టమొదట తెరిచి అమర్చేటప్పుడు. అమ్మమ్మ ఫోను ఇప్పటికే అమర్చేశారు గనుక, ఆ ఐఫోనునే ఒకసారి తుడిచి, కొత్తదానిలా చేసి, మొదటినుంచీ మొదలుపెడితే సరి. తుడవవలసింది కొత్తదాన్ని, పాతదాన్ని కాదు! అమ్మమ్మ దాన్ని వాడనే లేదు కాబట్టి పెద్ద నష్టం వుండదు. అయినా అందులో ఏవైనా ఫోటోలు తీసివుంటే ముందుగా మరో చోటికి పంపుకోండి.

ఈ పనికి పూనుకోకముందే ఇంకొక జాగ్రత్త తీసుకో. తాతయ్య గొంతున్న సందేశాలను ఒక్కొక్కటిగా మీ అమ్మ ఫోనుకూ, పిన్ని ఫోనుకూ పంపించు. విత్తనాల వడ్లను రైతు ఒకే కుండలో పోసి వుంచడు గదా! తరలింపు పూర్తయినాక అమ్మమ్మ కొత్త ఫోనులో ఆ గొంతు తన చెవులతో వినాలి. అప్పుడు కూడా పాత ఫోనును ఓ నెల రోజులు బీరువాలో వుంచమని మామయ్యతో చెప్పు. తరలించినంత మాత్రాన పాత ఫోనులో వున్నవి చెరిగిపోవు. మనం చెరిపితేనే చెరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రెండూ ఫోనులే, రెండింటికీ అద్దమే, రెండింటిలోనూ వాట్సాప్ వున్నది. మరి ఒకదాని సొత్తు రెండోదానికి ఎందుకు పొసగదు?

ఫోను లోపల ఆపరేటింగ్ సిస్టం అనే పెద్ద కార్యక్రమం ఒకటి వుంటుంది. అద్దం మీద వేలు ఎక్కడ పడ్డదో చూడటం, బొమ్మ గీయటం, గంట మోగించటం, జ్ఞాపకాలను ఏ అరలో పెట్టాలో నిర్ణయించటం, అన్నీ దాని పనులే. వాట్సాప్ వంటి ఆప్‌లు సొంతంగా అద్దాన్ని ముట్టుకోలేవు. "ఇక్కడ ఒక అక్షరం గీసిపెట్టు" అని సిస్టంను అడగాలి. ఆ అడిగే భాష ఆండ్రాయిడ్‌కు ఒకటి, ఐఫోనుకు ఒకటి. కాబట్టి ఒకే ఆప్‌ను రెండు రకాలుగా రాయవలసి వస్తుంది. పాత ఫోనులో డబ్బిచ్చి కొనుక్కున్న ఆట కొత్త ఫోనులో మళ్ళీ కొనుక్కోవలసి రావటానికి కారణం ఇదే. (ఇది నాకు నచ్చదు. కాని నా మాట ఎవరు వింటారు?)

ఈ రెండు సిస్టంల పుట్టుక చాలా తమాషా అయినది. ఆండ్రాయిడ్ 2003లో అమెరికాలోని పాలో ఆల్టో అనే వూళ్ళో ఒక చిన్న కంపెనీగా మొదలయింది. అప్పుడు వాళ్ళ మనసులో వున్నది ఫోను కాదు, కెమెరా! 2005లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. ఇంతలో 2007 జనవరి 9న ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐఫోనును లోకానికి చూపించాడు. దాని ముఖాన వున్నది ఒకే ఒక మీట. మరుసటి ఏడు, 2008లో, మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. దానికి వున్న మీటలలో "వెనక్కి" అనే మీట ఒకటి. అమ్మమ్మ కష్టానికి బీజం అక్కడే పడిందంటే నమ్ముతారా?

ఆండ్రాయిడ్‌లో ఎక్కడ వున్నా, ఏ ఆప్‌లో వున్నా, "వెనక్కి" అనేది ఒకే చోట వుంటుంది. మీట పోయి గుర్తు వచ్చింది, గుర్తు పోయి ఇప్పుడు చాలా ఫోనులలో అంచునుంచి వేలితో తోయటం వచ్చింది. కాని ఆ సదుపాయం మాత్రం పోలేదు. ఐఫోనులో అలా అందరికీ కలిపి ఒక "వెనక్కి" ఎన్నడూ లేదు. ఏ ఆప్‌కు ఆ ఆప్ పై భాగాన ఎడమ మూల ఒక బాణం గుర్తు పెడుతుంది. చాలా చోట్ల ఎడమ అంచునుంచి లోపలికి తోసినా వెనక్కి పోతుంది. కొన్ని చోట్ల పోదు. 2017లో వచ్చిన ఐఫోను టెన్‌తో ఆ ఒక్క మీట కూడా మాయమయింది. ఇప్పుడు కిందినుంచి పైకి తోస్తే ఇంటికి పోవటమన్నమాట. ఏడేళ్ళుగా అమ్మమ్మ బొటనవేలు వెతుక్కుంటూ వెళ్ళే చోట ఇప్పుడేమీ లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు అత్తవారి వంటింట్లో పోపులపెట్టె కోసం పుట్టింటి అర వున్న వైపుకు చెయ్యి చాచినట్టే!

ఇంత పేచీ పెట్టే ఈ రెండూ నిజానికి చుట్టాలు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యునిక్స్ అనే సిస్టం పుట్టింది. ఐఫోను సిస్టం ఆ వంశంలోనిది. ఆండ్రాయిడ్‌కు అడుగున వున్నది లినక్స్. దాన్ని 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి, యునిక్స్ పద్ధతిని చూసి తన సొంతంగా రాయటం మొదలుపెట్టాడు. అంటే ఒకటి ఇంటి బిడ్డ, రెండోది ఆ ఇంటి ఆచారాలన్నీ నేర్చుకున్న దత్తపుత్రుడు.

అయితే రెండు సిస్టంలూ ఒప్పుకున్న సంగతులు కూడా వున్నాయి. మనకు ముఖ్యమైనది అక్షరాల సంగతి. నువ్వు ఆండ్రాయిడ్‌లో "అమ్మమ్మా" అని కొడితే ఐఫోనులో "అమ్మమ్మా" అనే కనిపిస్తుంది. అక్షరాలకు బదులు ఫోనులు అంకెలు పంపుకుంటాయి. లోకంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించిన పట్టీ ఒకటి వున్నది. దాన్ని యూనికోడ్ అంటారు. 1991లో అది మొదటిసారి వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటు దొరికింది. "అ"కు 3077. "క"కు 3093. పంపేది 3077 అనే అంకె. దాన్ని ఏ వంపులతో గీయాలన్నది ఏ ఫోను ఇష్టం దానిది. బొమ్మలకూ ఇదే న్యాయం. 2017లో ఎవరో గమనించారు, బర్గరు బొమ్మలో ఆపిల్ చీజు ముక్కను వడ పైన పెట్టింది, గూగుల్ వడ కింద పెట్టింది అని. దాని మీద లోకమంతా ఒకటే చర్చ! చివరకు గూగుల్ తన చీజును పైకి మార్చుకున్నది.

మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోనులను గజగజలాడించిన కథ మీకు తెలుసునా? 2018 ఫిబ్రవరిలో జరిగింది. "జ్ఞానం" అనే మాటలో మొదటి అక్షరం చూడండి. మనకది ఒక్క అక్షరమే. ఫోనుకు మాత్రం జ, దాని కింద పొల్లు, ఞ, దీర్ఘం అని విడివిడి అంకెలు. వీటి నడుమ కంటికి కనిపించని మరో గుర్తు కూడా చేరిన "జ్ఞా" ఎవరైనా సందేశంగా పంపితే, దాన్ని గీయబోయి ఐఫోను తికమకపడి, ఆ ఆప్ కాస్తా మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ ఆ అక్షరమే ఎదురయేది, మళ్ళీ మూసుకుపోయేది! ఆపిల్ వారు ఫిబ్రవరి 19న సిస్టంను సవరించి పంపేదాకా ఈ బాధ తప్పలేదు. ఒత్తులు నేర్చుకునేటప్పుడు మనం పడిన అవస్థ అంత పెద్ద కంపెనీకీ తప్పలేదన్నమాట.

ఇక అమ్మమ్మ మతిమరుపు సంగతి. చెల్లాయీ, ఆమెకు మతిమరుపు రాలేదని నాకెలా తెలుసంటే, ఆమె వేలు ఏమీ మరిచిపోలేదు గనుక! పాత చోటు అంత బాగా గుర్తుండబట్టే ఈ కష్టం వచ్చింది.

హెన్రీ మోలసన్ అనే అమెరికా దేశస్థుడు వుండేవాడు. మూర్ఛరోగం తగ్గటానికని 1953లో, అతనికి 27వ ఏట, మెదడుకు ఆపరేషను చేశారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆనాటినుంచీ కొత్త సంగతి ఏదీ అతని మనసులో నిలవలేదు. ఇప్పుడు పలకరించి వెళ్ళిన మనిషిని కాసేపయినాక తిరిగివస్తే గుర్తుపట్టలేడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు కెనడానుంచి వచ్చి అతనికి ఒక పరీక్ష పెట్టింది. కాగితం మీది నక్షత్రాన్ని అద్దంలో మాత్రమే చూస్తూ దాని వెంబడి పెన్సిలు నడపాలి. మొదటి రోజు గీత చాలాసార్లు దారి తప్పింది. రెండో రోజు తగ్గింది. మూడో రోజు గీత ఎంతో నేర్పుగా సాగింది. విచిత్రమేమంటే, ఆ పని అదివరకు ఎప్పుడైనా చేశానన్న జ్ఞాపకమే అతనికి లేదు! మనసుకు తెలియకుండానే చెయ్యి నేర్చుకున్నది. సంగతులను గుర్తుంచుకునేది ఒకటీ, చేతి అలవాట్లను గుర్తుంచుకునేది మరొకటీ అని శాస్త్రజ్ఞులకు తెలియటానికి ఈ పరీక్ష ఎంతో తోడ్పడింది.

అమ్మమ్మకు కావలసింది ఆ రెండో రకం పాఠం. కాబట్టి ఫోను లాక్కుని, చకచకా పది సంగతులు చూపించి, "ఇంత సులువు అమ్మమ్మా!" అనకు. అలా చేస్తే నేర్చుకునేది నీ వేలే, ఆమెది కాదు. ఫోను ఆమె చేతిలోనే వుండాలి. మొదటి రోజు ఒక్కటే పని: కిందినుంచి పైకి తోసి ఇంటికి రావటం. ఎక్కడ దారి తప్పినా ఇంటికి రావటం తెలిస్తే భయం సగం పోతుంది. ఆమె చేత మీ అమ్మకు రోజుకు అయిదారుసార్లు ఫోను చేయించు. తరవాత బాణం గుర్తు. ఆ తరవాత తాతయ్య గొంతు వినటం. తోయటం వేలికి బొత్తిగా పట్టుబడకపోతే, సెట్టింగులలో అసిస్టివ్ టచ్ అనేది వున్నది. అది అద్దం మీద గుండ్రని మీట బొమ్మ ఒకటి పెడుతుంది. దాన్ని నొక్కితే ఇంటికి పోయే గుర్తు కూడా వస్తుంది.

డబ్బు పంపే ఆప్‌లు మాత్రం పెద్దవాళ్ళు దగ్గర వుండి అమర్చాలి. ఫోను మారితే ఆ సిమ్ నుంచే సందేశం పంపి, తిరిగి నమోదు చేసుకోవాలి. అమ్మమ్మ డబ్బు బ్యాంకులో వున్నది గాని ఫోనులో లేదు, కంగారు పడవద్దను. రహస్య అంకె నీతో కూడా చెప్పకూడదు. అడగకు.

హెన్రీ చేసిన పరీక్ష మీరందరూ చెయ్యవచ్చు. కాగితం నిండా పెద్ద నక్షత్రం గీయండి. దాని లోపల అరసెంటీమీటరు ఎడంగా మరో నక్షత్రం గీయండి. కాగితం వెనక అద్దం నిలబెట్టండి. మీ చెయ్యి సూటిగా కనిపించకుండా పైన ఒక పుస్తకం అడ్డం పెట్టమని ఎవరినైనా అడగండి. ఇప్పుడు అద్దంలోకే చూస్తూ, రెండు గీతల నడుమ పెన్సిలు నడపండి. గీత దాటినప్పుడల్లా ఒక తప్పు. రోజుకు అయిదుసార్లు చొప్పున మూడు రోజులు చేసి, లెక్క రాసి పంపండి. ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు వుంటే వాళ్ళ చేత కూడా చేయించి ఆ లెక్కలు పక్కనే రాయండి. వచ్చే నెలకు తెనాలి అమ్మమ్మ లెక్క కూడా రావాలి!