ఆ కాలు ఎవరిది?

1891లో పారిస్ గోడలకెక్కిన ఒక పోస్టర్‌తో చిత్రకారుడు తూలూజ్ లాత్రెక్ పేరు ఊరంతా మోగిపోయింది. అది మూలాన్ రూజ్ నాట్యశాల ప్రకటన. వెనక టోపీల జనం నల్లటి నీడల్లా నిలబడి ఉంటారు. వాళ్ల ముందు చుక్కల ఎర్ర రవిక, తెల్లటి లంగా కుచ్చిళ్లు, నెత్తిన పసుపుపచ్చటి సిగ, పైకి లేచిన కాలు. బొమ్మ వేసినవాడు లోకానికంతా తెలుసు. ఆ కాలు ఎవరిదో చెప్పుకోవాలి.

ఆమె లూయీజ్ వెబెర్. 1866లో పారిస్ పక్కనున్న క్లిషీలో పుట్టింది. చిన్నతనంలో బట్టలుతికే పని చేసింది. కాన్‌కాన్ నాట్యం ఆడుతూ కాలి మొనతో మగవాళ్ల టోపీలు ఎగరగొట్టేది, బల్లల మధ్య తిరుగుతూ వాళ్ల గ్లాసులు ఖాళీ చేసేది. అందుకే ‘లా గూలూ’ అన్నారు, తిండిబోతు అని. 1889లో మూలాన్ రూజ్ తెరిచాక అక్కడి పెద్ద తార ఆమే.

1895లో ఆ కొలువు వదిలి సొంత డేరాతో తిరునాళ్ల బాట పట్టింది. డేరాకి లాత్రెక్ రెండు పెద్ద తెరలు వేసిచ్చాడు. అయినా ఆట నిలదొక్కుకోలేదు. తర్వాత సింహాలను ఆడించింది. చివరికి మూలాన్ రూజ్ దగ్గరే వేరుశనగకాయలు, సిగరెట్లు, అగ్గిపెట్టెలు అమ్ముకుంది. బండి ఇంట్లో కాపురం. 1929 జనవరిలో కన్నుమూసింది.

చేతులారా చేసుకుందని ఈ కథను నీతిపాఠంగా చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ముప్పై నిండకుండా సొంత ఆట పెట్టుకోవడం తెగువ. మగ వ్యాపారి అలా మునిగితే కాలం కలిసిరాలేదంటాం. కాలెత్తి ఆడిన ఆడమనిషి మునిగితే ఒళ్లు కొవ్వెక్కిందంటాం. నాట్యగత్తెకు ఒళ్లే పెట్టుబడి. అది అలిసిపోయాక ఆదుకునే దిక్కు లేకపోవడమే అసలు తప్పు.

ఆ డేరా తెరలను ఒక వ్యాపారి ముక్కలుగా కోశాడు. తర్వాత ముక్కలన్నీ కూడదీసి అతికించారు. ఇప్పుడవి పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. గుడ్డకు దక్కిన ఆ శ్రద్ధ మనిషికి దక్కలేదు. 1992లో ఆమె అస్థికలను మోంమార్త్ర్ శ్మశానానికి తరలించి గౌరవించారు, చనిపోయిన 63 ఏళ్లకు.

కళాకారులకు శాలువాలు కప్పాలనుకునే పెద్దలు ముందు వాళ్ల ముసలితనానికి పింఛను ఏర్పాటు చెయ్యాలి. సన్మానం ఆ తర్వాత.