ఫెడరలిజం పాఠంలో అంబేడ్కర్ ఎక్కడ?

రాజనీతిశాస్త్రం చదివినవారికి కె.సి. వేర్ పేరు కొత్త కాదు. ఆస్ట్రేలియాలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరై, ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన పండితుడాయన. 1946లో వచ్చిన ఆయన పుస్తకం 'ఫెడరల్ గవర్నమెంట్' సమాఖ్య అధ్యయనాల్లో ప్రామాణికం. మన రాజ్యాంగాన్ని ఆయన 'అర్ధ సమాఖ్య' అన్నారు. ఆ ఒక్క మాట మీద ఇప్పటికీ మనం పేజీలకొద్దీ జవాబులు రాస్తున్నాం.

అదే పాఠంలో బాబాసాహెబ్ ముసాయిదా కమిటీ అధ్యక్షుడిగా ఒక వాక్యంలో కనిపించి మాయమవుతారు. నా పరిశోధన అంశం చెప్పినప్పుడు ఒక సీనియర్ అధ్యాపకుడు, 'అంబేడ్కర్ కావాలంటే కుల అధ్యయనాల వైపు వెళ్లు. ఫెడరలిజంలో ఆయన సిద్ధాంతం ఏముంది?' అన్నారు. అది ఆయన ఒక్కరి అభిప్రాయం కాదు. మన సిలబస్ చెబుతున్నదీ అదే.

ఏముందో చూద్దాం. వేర్ పుస్తకానికి 21 ఏళ్ల ముందే, 1925లో, బ్రిటిష్ ఇండియాలో ప్రావిన్సుల ఆర్థిక వ్యవస్థ పరిణామంపై అంబేడ్కర్ గ్రంథం వెలువడింది. కొలంబియా ఆయనకు డాక్టరేట్ ఇచ్చింది ఆ పరిశోధనకే. 1833 నుంచి 1921 దాకా కేంద్ర ఖజానాకూ ప్రావిన్సులకూ మధ్య లెక్కలు ఎలా మారాయో అందులో తేల్చారు. సొంత ఆదాయం చాలని ప్రభుత్వానికి స్వతంత్రత నిలవదని వేర్ కూడా తర్వాత రాశారు. ఇది పాతబడిన చర్చ కాదు. జీఎస్టీ కౌన్సిల్‌లో మూడో వంతు ఓటు కేంద్రానిది. నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అంటే రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం కాదంటే ఏదీ నెగ్గదు.

1955లో 'థాట్స్ ఆన్ లింగ్విస్టిక్ స్టేట్స్'లో ఆయన మరో అడుగు ముందుకు వేశారు. రాష్ట్రానికి దక్కిన అధికారం అక్కడ ఎవరి చేతికి పోతుందని అడిగారు. ఆంధ్రనే ఉదాహరణగా తీసుకుని, భూములూ ఉద్యోగాలూ వ్యాపారాలూ రెండు మూడు కులాల గుప్పిట్లో ఉన్నాయనీ, అంటరానివారు వాళ్లపై ఆధారపడి బతుకుతున్నారనీ రాశారు. వేర్ రెండు ప్రభుత్వాల మధ్య అధికార పంపకాన్ని పరిశీలించారు. అంబేడ్కర్ దానితోపాటు ఆ అధికారం మాల మాదిగ వాడల దాకా వచ్చిందా అని చూశారు.

రాష్ట్రాల హక్కుల కోసం గట్టిగా మాట్లాడే మన నాయకులకు ఈ రెండో ప్రశ్న ఇబ్బందికరం. విశ్వవిద్యాలయానికి ఆ ఇబ్బంది ఉండకూడదు. వేర్‌ను తీసేయమని నేను అనడం లేదు. అదే పేపర్‌లో, అదే యూనిట్‌లో, ఆయన పక్కన అంబేడ్కర్‌ను సిద్ధాంతకర్తగా చదివించాలి.