తోట ఇంట్లో వేణ్నీళ్లు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఊరికి దూరంగా, తోటలోనే ఇల్లు కట్టుకోవాలనుకునే వాళ్లు తక్కువేం కాదు. స్తంభాలు పాతించి లైను లాగించుకోవాలంటే తడిసి మోపెడవుతుంది. సోలార్ పలకలు పెట్టుకుందామంటారు. అదేం పిచ్చి ఆలోచన కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్లు ఎండనే నమ్ముకుని కాపురాలు చేసి చూపించారు. చిక్కల్లా గీజరూ, మోటారూ కొనేటప్పుడే వస్తుంది. ఇంటాయన, ఎలక్ట్రీషియను, కొట్టాయన కలిసి ఆ రెండూ తేల్చేస్తారు. తెల్లారి అయిదింటికి నీళ్లు కాయాల్సిందీ, ట్యాంకు ఖాళీ అయితే బిందె పట్టుకు నడవాల్సిందీ మాత్రం మనం!

ఒక లెక్క చూడండి. నలుగురి స్నానాలకు 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాచాలంటే దాదాపు 2.3 యూనిట్ల కరెంటు కావాలి. ఇన్వర్టరుకు పెట్టుకునే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే అందులో ఉండేది 1.8 యూనిట్లే. రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే సీసం బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. అంటే ఒక్క పూట స్నానాలకు రెండు బ్యాటరీలు కూడా చాలవు. ఇక రాత్రి పిల్లల చదువుకు లైటు, అత్తగారికి ఫ్యాను దేనిమీద నడుస్తాయి?

ఎండను కరెంటు చేసి, బ్యాటరీలో దాచి, మళ్లీ వేడి చేయడమంటే ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టే. నీళ్లను నేరుగా ఎండలో కాచే సోలార్ హీటరు పెట్టించుకోండి. వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతటవే పై ట్యాంకులోకి చేరతాయి. దానికి కరెంటే అక్కర్లేదు. చన్నీళ్ల ట్యాంకు మాత్రం హీటరు కంటే ఎత్తులో ఉండాలి. ఈ మాట మేస్త్రీకి స్లాబు వేయకముందే చెప్పాలి.

ఏ రకం కొనాలన్నది మీ బోరు నీళ్లే చెబుతాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెళ్ల కడుతోందా? రాగి గొట్టాల హీటరులోనూ అదే కట్టి గొట్టాలు మూసేస్తుంది. గాజు గొట్టాలది అంత త్వరగా మూసుకుపోదు, ధర కూడా తక్కువ. కాకపోతే కోతులు తిరిగే చోట గాజు ఎన్నాళ్లుంటుందో ఆలోచించుకోండి! ఉప్పు మరీ ఎక్కువైతే, వాడే నీళ్లు పలకలోకి పోకుండా లోపల వేరే నీళ్లు తిరిగే రకం ఉంది. ఖరీదు ఎక్కువే అయినా అక్కడ పిసినారితనం వద్దు.

ముసురు పట్టిన రోజుల సంగతేమిటంటారా? పెరట్లో ఒక కాగు కట్టించుకోండి. కంది కంప, చెనక్కాయ పొట్టు మనకు కరువా? పాతకాలపు మనిషివని నవ్వితే నవ్వనీయండి. గ్యాస్ గీజరు కొంటే మాత్రం బాత్రూములో బిగించనివ్వకండి. మూసిన గదిలో దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇక మోటారు. లేచేటప్పుడు అది మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దాన్ని ఇంటి ఇన్వర్టరు మీద నడపాలని చూస్తే ఇన్వర్టరు కూలబడుతుంది. పలకల నుంచే నేరుగా నడిచే సోలార్ సబ్‌మెర్సిబుల్ అడగండి. కంట్రోలరు దాని వేగాన్ని నిదానంగా పెంచుతుంది. 200 అడుగుల నుంచి 1000 లీటర్లు తోడడానికి నష్టాలతో కలిపి సుమారు అర యూనిట్టు చాలు. ఎండున్నంతసేపూ ట్యాంకు నింపుకుంటే రాత్రి మోటారు జోలికే పోనక్కర్లేదు. బ్యాటరీకి పెట్టే డబ్బు రెండు మూడు రోజుల నీళ్లు పట్టే ట్యాంకుకు పెట్టండి. గట్టు మీద పెట్టే మోనోబ్లాకు 25 అడుగులకు మించి లోతు నుంచి పీల్చలేదు. అది బావికీ, తొట్టికే సరి.

వానల తర్వాత నీళ్లు పైకొచ్చినప్పుడు కొలిచి మోటారు కొనకండి. మేలో కొలిపించండి. నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో, మోటారు ఎంత లోతుకు దించారో కాగితం మీద రాయించి బీరువాలో పెట్టండి. రెండేళ్ల తర్వాత మోటారు పైకి లాగాల్సి వస్తే అందరూ మన మొహమే చూస్తారు.