గోడ మీద ఎవరి బొమ్మ?

కిందటేడు ఒక ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాల ప్రహరీగోడ మీద బొమ్మలు వేయిస్తున్నారంటే చూడడానికి వెళ్ళాను. ఊళ్ళో బోర్డులు రాసే ఆర్టిస్టులిద్దరు గీతలు గీసిపెడితే తొమ్మిదో తరగతి పిల్లలు రంగులు నింపుతున్నారు. ఒక చెట్టు, చేతిపంపు, పలక పట్టుకున్న పాప, పక్కన తల్లి. పైన ‘ఆడపిల్లను చదివిద్దాం’ అన్న నినాదం. మోచేతుల దాకా రంగు పూసుకుని పిల్లలు ఎంతో సంబరంగా ఉన్నారు. ఆ సంబరాన్ని నేను తక్కువ చేయడం లేదు.

‘నీ ఇష్టానికి వదిలేస్తే ఏం వేస్తావమ్మా?’ అని ఒక అమ్మాయిని అడిగాను. ‘బస్టాపు మేడమ్. సాయంత్రం మేం అక్కడ ఎలా నిలబడతామో అది’ అంది వెంటనే. బస్టాపు ఆ గోడకు ఎదురుగానే ఉంది. అక్కడ చేరే మగపిల్లల మాటలు పడలేక తమ క్లాసులో ఇద్దరు బడి మానేశారని కూడా చెప్పింది. ఈ సంగతి పెద్దవాళ్ళతో అన్నారా అంటే, ‘మమ్మల్ని ఎవరూ అడగలేదు కదా’ అంది.

నా అభ్యంతరం అక్కడే. ఏం వేయాలో పైవాళ్ళు నిర్ణయించి, రంగులేయడానికి మాత్రం పిల్లల్ని పిలిచి, దాన్ని ‘ప్రజల భాగస్వామ్యం’ అనడం న్యాయమేనా? నిర్ణయం ఒకరిది, చాకిరీ మరొకరిది అనే పద్ధతి మన ఇళ్ళలో ఉన్నదే. అదే గోడ మీదికీ ఎక్కింది.

ఇంకోలా చేయవచ్చని చూపిన అనుభవాలున్నాయి. అమెరికాలోని లాస్‌ఏంజెలెస్‌లో, మెక్సికన్ సంతతికి చెందిన చిత్రకారిణి జూడిత్ బాకా నాయకత్వంలో 400 మందికి పైగా యువతీయువకులు ఒక వరదకాలువ గోడ మీద కాలిఫోర్నియా చరిత్రను చిత్రించారు. 1976లో మొదలై 1983 దాకా సాగిన ఆ చిత్రం పొడవు సుమారు అరమైలు. అందులో పాల్గొన్నవాళ్ళలో పోలీసు కేసుల్లో చిక్కుకున్న పిల్లలూ ఉన్నారు. చరిత్రకారులతో, స్థానికులతో మాట్లాడి బొమ్మలు తయారుచేశారు. పనిచేసిన పిల్లలకు డబ్బు ముట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిర్బంధ శిబిరాలకు తరలించబడిన జపాన్ సంతతి అమెరికన్లు, యుద్ధమప్పుడు ఫ్యాక్టరీల్లో పనిచేసి, అది ముగియగానే తిరిగి ఇంటికి నెట్టబడిన స్త్రీలు ఆ గోడ మీద కనిపిస్తారు.

బొమ్మ వేయడం మన ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. తెల్లవారకముందే వాకిట్లో వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ళ కింద చెరిగిపోతుంది. దానికి పేరూ లేదు, ప్రతిఫలమూ లేదు. గోడ దగ్గరకు వచ్చాక కూడా ఆ చేతులు ‘సాయం చేసిన బాలికలు’గానే మిగిలిపోకూడదు.

ఇటువంటి కార్యక్రమాలకు రంగులూ డబ్బూ సమకూర్చే వాళ్ళలో మన సంస్థలూ ఉన్నాయి. అందుకే ఇది మనకు మనం చెప్పుకోవాల్సిన మాట. బ్రష్షు పట్టించే ముందు నాలుగు రోజులు పిల్లలతో కూర్చుందాం. స్థానిక స్త్రీ కళాకారులను పిలిచి పూర్తి కూలి ఇద్దాం. గోడ మీద తమ పేర్లు ఉండాలో వద్దో కూడా ఆ పిల్లలనే అడుగుదాం.

బస్టాపు బొమ్మ వేస్తే అల్లరి ఎక్కువవుతుందని, తల్లిదండ్రులు చదువు మాన్పిస్తారని కొందరు మిత్రులు అన్నారు. ఆ భయం నిజమే. అందుకే ఆ బరువు పిల్లల నెత్తిన పెట్టకూడదు. తల్లిదండ్రులతో, బస్సువాళ్ళతో, ఆ మగపిల్లలతో మాట్లాడాల్సింది మనమే. గోడకు రంగు వేయడం కన్నా అది కష్టమైన పని. కానీ మన పని అదే.