పదునైదు దినముల గడువు



మిడిల్ పాయింటులో పాఠములు చెప్పు ఉపాధ్యాయునికిని, రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకును ఏమి పొత్తు అని అడుగవచ్చును. ఆ దీవులలో రైలే లేదు. అయినను వార్షిక పనితీరు నివేదిక అను కాగితము మన అందరిని ఒకే త్రాట కట్టినది. పూర్వము దీనిని రహస్య నివేదిక అనెడివారు. ప్రతికూల వ్యాఖ్య ఉన్ననే ఉద్యోగికి తెలిపెడివారు. 'బాగు' అను మాట ప్రతికూలము కాదు గదా అని దాచెడివారు. పదోన్నతికి 'చాల బాగు' కావలసినచోట ఆ 'బాగు' అను మాటయే ఉద్యోగి నోటికాడి కూడు తీసివేసెడిది!

సరిహద్దు రహదారుల ఇంజనీరు దేవ్ దత్‌కు జరిగినది ఇదియే. 1993-94 నివేదికలోని ఒక్క 'బాగు' వలన ఆయనకు పదోన్నతి దక్కలేదు. ప్రతి గ్రేడును, మంచిదైనను చెడ్డదైనను, ఉద్యోగికి తెలుపవలసినదేనని సుప్రీం కోర్టు 2008 మే 12న తీర్పు చెప్పినది. అప్పటికి ఆయన పదవీ విరమణయే చేసియుండెను. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, సుఖ్‌దేవ్ సింగ్ వ్యాజ్యమున, ఇదే సూత్రమును స్థిరపరచినది.

2009 మే 14 నాటి కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు ఈ తీర్పు ఫలమే. దాని ప్రకారము నివేదిక మొత్తమును ఉద్యోగికి చూపవలెను. అందిన నాటినుండి 15 దినములలో ఉద్యోగి విజ్ఞాపన ఈయవచ్చును. అది చేరిన 30 దినములలో అధికారి నిర్ణయము చేయవలెను. అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతము గనుక అచ్చటి ప్రభుత్వ ఉపాధ్యాయునికిని ఈ త్రోవయే.

ఇక ఆ త్రోవ ఎంత ఇరుకో చూడుడు. ఆ దీవుల పాఠశాలలలో హిందీ, ఇంగ్లీషు, బంగాళీ, తమిళ, తెలుగు మాధ్యమములు కలవు. తెలుగు రాని ప్రధానోపాధ్యాయుడు తెలుగు పాఠమునకు మార్కులు వేయు స్థితి రావచ్చును. పిల్లలకు పాఠము అర్థమైనదో లేదో ఆయనకు ఎట్లు తెలియును? పరీక్షా ఫలితముల అంకె ఒక్కటే మిగులును. కాంప్‌బెల్ బే వంటి చోట పనిచేయువారు ఓడల రాకపోకలను కనిపెట్టుకొని ఉండవలెను. శ్రీ విజయపురములోని (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) కార్యాలయపు పాత కాగితములు తెచ్చుకొనుటకే పదునైదు దినములు చాలవు. దూరపు దీవులవారికి ఈ గడువు కనీసము రెట్టింపు కావలెనని మా అభిప్రాయము.

విజ్ఞాపనలో కోపము వ్రాయుట కొందరికి అలవాటు. అధికారికి మనపై పగ అని పది పుటలు నింపుదురు. చదువువాడు ప్రక్కన పెట్టును. గ్రేడులో 40 శాతము చేసిన పనికే. కనుక స్వీయ నివేదికలో వ్రాసినదేమి, తరగతిలో ఎందరు పిల్లలు, ఎన్నికల విధులకు, గణాంకములకు పోయిన దినములెన్ని, ఇవన్నియు తేదీలతో చూపవలెను. వ్రాసిన అధికారి మూడు నెలలైనను మన పనిని చూచెనా అని అడుగవలెను. నిరుడు 'అత్యుత్తమము', ఈ యేడు 'బాగు' అయినచో ఆ దిగజార్పునకు కారణము నమోదు చేయవలెనని ఉత్తరప్రదేశ్ జల నిగమ్ వ్యాజ్యములో సుప్రీం కోర్టు 1996లోనే చెప్పినది. మెమో ఎన్నడును ఇయ్యనివాడు హఠాత్తుగా లోపము కనుగొనుట ఎట్లు?

2016 నుండి మన 10, 20, 30 ఏండ్ల ఆర్థికోన్నతికి సయితము 'చాల బాగు' కావలసి వచ్చినది. కావున ఉపాధ్యాయుని బాధ మన వీధిలోనిదే. తీర్పు చెప్పువాడు అదే శాఖ అధికారి కావుట ఈ పద్ధతిలోని పెద్ద లోపము; బయటి వ్యక్తి ఒకరైనను ఉండవలెనని సంఘములు పట్టుబట్టుట ధర్మమే.

నిర్ణయము ప్రతికూలమైనచో ఒక సంవత్సరములోపల కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలునకు పోవచ్చును. కలకత్తా బెంచి ఆ దీవులకు వచ్చి విచారణలు జరుపును. జవాబే రానిచో ఆరు నెలలు వేచి, ఆపై ఒక సంవత్సరములో పోవలెను. అందుచే విజ్ఞాపన ఇచ్చిననాడే నకలుపై తేదీతో కూడిన ముద్ర వేయించుకొనుడు. పంపినచో స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుడు.