కప్పు బెల్‌ఫాస్ట్‌లోనే ఉండిపోయింది

1984 మే 26న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ 1-1తో డ్రా అయింది. దాంతో బ్రిటిష్ హోమ్ ఛాంపియన్‌షిప్‌లో ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ నాలుగింటికీ మూడేసి పాయింట్లు వచ్చాయి. అందరికీ ఒక గెలుపు, ఒక ఓటమి, ఒక డ్రా. 1956లో ఇలాగే జరిగితే టైటిల్‌ను నలుగురికీ పంచేశారు. ఈసారి గోల్స్ తేడా చూసి, ఒకే ఒక్క గోల్ మిగులు ఉన్న ఉత్తర ఐర్లాండ్‌ను విజేతగా ప్రకటించారు. పోటీ ఇంత హోరాహోరీగా ఉన్న టోర్నీకి అదే ఆఖరు ఏడాది. పెద్ద జట్టు ఇంగ్లండ్ తనకిక వద్దనుకుంది, అంతే.

దాని పుట్టుక గొప్పది. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో ఒక క్రికెట్ మైదానంలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆడిన 0-0 మ్యాచే ప్రపంచంలో తొలి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్. అప్పట్లో ఎవరి గడ్డమీద ఆడితే వారి నిబంధనలే చెల్లేవి. 1882లో మాంచెస్టర్‌లో నాలుగు సంఘాలూ కూర్చుని నిబంధనలన్నీ ఒకటి చేసుకున్నాయి. ఏడాది తిరిగేసరికి టోర్నీ మొదలైంది. 1884లో తొలి విజేత స్కాట్లాండ్.

పొరుగువాడి మీద గెలుపంటే ఏమిటో తెలియాలంటే 1967 వెంబ్లీ చూడాలి. ఇంగ్లండ్ అప్పటికి ప్రపంచ విజేత. కప్పు గెలిచాక ఒక్క మ్యాచ్ ఓడలేదు. స్కాట్లాండ్ 3-2తో దాన్ని ఓడించింది. జిమ్ బాక్స్‌టర్ మ్యాచ్ మధ్యలో బంతిని కింద పడనీయకుండా కాలితో ఎగరేస్తూ నడిచాడు. ఇక ప్రపంచ విజేతలం మేమేనని స్కాట్లాండ్ అభిమానులు చాటుకున్నారు. స్కాట్లాండ్ పట్టుదలకు 1950 ఇంకో సాక్ష్యం. ఆ ఏడాది టోర్నీలో మొదటి రెండు జట్లకు బ్రెజిల్ ప్రపంచకప్‌లో చోటిచ్చారు. విజేతగా అయితేనే వెళ్తామని ముందే ప్రకటించిన స్కాట్లాండ్, ఇంగ్లండ్ చేతిలో 0-1తో ఓడి రెండో స్థానంలో నిలిచి, అన్నమాట ప్రకారం ఇంట్లోనే ఉండిపోయింది. మన భారత జట్టు వెళ్లకుండా ఆగిపోయిందీ ఆ ప్రపంచకప్‌కే, కారణాలు వేరైనా.

1981లో ఉత్తర ఐర్లాండ్ అల్లర్లతో అట్టుడుకుతుంటే, బెల్‌ఫాస్ట్‌కు రాలేమని ఇంగ్లండ్, వేల్స్ చెప్పేశాయి. టోర్నీ సగంలో ఆగింది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి కథ. జనం తగ్గుతున్నారు, అభిమానుల అల్లర్లు పెరిగాయి, మ్యాచ్‌లు మరీ ఎక్కువయ్యాయి అని ఇంగ్లండ్ తప్పుకుంది. స్కాట్లాండ్ కూడా అదే దారి పట్టింది. కానీ తమ ఇద్దరి మధ్య మ్యాచ్‌ను మాత్రం వదులుకోలేదు. 1985 నుంచి రౌస్ కప్ పేరుతో దాన్ని విడిగా ఆడుకున్నారు. టికెట్లు తెగే మ్యాచ్ వారిదయింది. వేల్స్, ఉత్తర ఐర్లాండ్ సంఘాలకు ఏటా ఖాయంగా వచ్చే రాబడి పోయింది. ఆఖరుసారి గెలిచిన కప్పు మాత్రం ఉత్తర ఐర్లాండ్ సంఘం దగ్గరే ఉండిపోయింది.

2011లో డబ్లిన్‌లో ఐర్లాండ్ గణతంత్రం, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ కలిసి నేషన్స్ కప్ ఆడాయి. ఇంగ్లండ్ లేదు. గ్యాలరీలు బోసిపోయాయి. ఆ టోర్నీ మళ్లీ జరగలేదు. పెద్ద జట్టు రాకపోతే ఇరుగుపొరుగు టోర్నీ నిలబడదు.

దక్షిణాసియాలో ఆ పెద్ద జట్టు మనమే. 1993లో లాహోర్‌లో మొదలైన దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ శాఫ్ 2023 దాకా 14 సార్లు జరిగితే 9 సార్లు కప్పు మనదే. 2018లో ఢాకాకు మనం పంపింది అండర్-23 జట్టును. ఫైనల్లో మాల్దీవులు 2-1తో గెలిచింది. కుర్రాళ్లకు అనుభవం వస్తుందన్న వాదన తీసిపారేయలేం. కానీ కొన్ని లక్షల జనాభా మాత్రమే ఉన్న దేశం మన మీద గెలిచిన రోజున, ఎదుట మన అసలు జట్టు ఉండి ఉంటే ఆ గెలుపు విలువ ఎంత పెరిగేది! భూటాన్‌కు, శ్రీలంకకు మనతో మ్యాచ్ ఒక పెద్ద పరీక్ష. వచ్చే శాఫ్‌కు మన సమాఖ్య పూర్తి స్థాయి జట్టునే పంపాలి, ఆటగాళ్లను వదలడానికి క్లబ్బులు ఎంత గొణిగినా సరే.